పేరు పెట్టొద్దన్న మనిషి

ఆమె పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఎదురింటి చెంచమ్మ. నేను వాకిట్లో ఎండురొయ్యలు తిరగదోస్తున్నాను. చెంచమ్మ కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా రేవు దగ్గర్నుంచి ఆ ఎండలో పరుగెత్తుకుంటూ వచ్చి, గడప అవతలే నిలబడి ఊపిరి తీసుకుంది.

"అక్కా, పోయినాది."

"ఎవరు?"

"ఇంకెవురక్కా. నీ ఆమె."

మా ఊళ్ళో నా ముందు ఆమెను అట్లాగే అంటారు. ఆమె పేరు నోటితో పలకడం నేను మానేసి చాలా కాలమైంది. నాతో మాట్లాడేవాళ్ళు కూడా ఆ పేరు పలకడానికి జంకి, మొగుణ్ణి 'మీ ఆయన' అన్నట్టు ఆమెను 'నీ ఆమె' అనడం మొదలుపెట్టారు. నవ్వులాటకు మొదలైన మాట, అట్లాగే నిలిచిపోయింది.

చెంచమ్మకు చెంబుతో మంచినీళ్ళు ఇచ్చాను. అంత ఎండలో నా కోసం వచ్చినందుకు దండం పెట్టాను. ఆమె నీళ్ళు తాగుతూ నా ముఖంలోకే చూసింది.

"ఏందక్కా ఇది? ఏడిస్తే ఏడు, నవ్వితే నవ్వు. ఇట్ట గమ్మున చూస్తా ఉంటే నాకు బయంగా ఉండాది."

నేను ఏడవలేదు, నవ్వలేదు. లోపలికి పోయి కామాక్షమ్మ పటం ముందు దీపం పెట్టాను.

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. మా నాన్న వల అల్లుకుంటూ, పక్కన ఇసకలో నా చేత అక్షరాలు దిద్దించాడు. ఆ చదువే ఇప్పటికీ నాకు అన్నం. రోజూ పొద్దున లేవగానే ఎవరెవరి వల్ల నాకు మేలు జరిగిందో తలుచుకుని ఒక్కొక్కరికీ దండం పెట్టుకోవడం కూడా నాన్న నేర్పిందే. మంచినీళ్ళ ట్యాంకరు తోలే ఆయన కూడా నా దండాల్లో ఉంటాడు. ఆ దండాల్లో ఒక్క మనిషికి చోటు లేదు. ఈ రాత ఆ మనిషి గురించి. పోయినవాళ్ళ మంచే చెప్పుకోవాలంటారు. ఉన్నంతవరకు మంచీ చెబుతాను. పేరు మాత్రం రాయను. దయతో దాచిపెడుతున్నాననుకోకండి.

ఆమెను తలుచుకుంటే ముందు కళ్ళముందుకు వచ్చేవి చేతులు. మోచేతుల దాకా ఎప్పుడూ ఆముదం నిగనిగలాడుతుండేది. చిట్టమూరు దాటి సరస్సు అంచుకు వస్తే మా ఊరు. మా ఊళ్ళోనూ పక్క పాలెంలోనూ పుట్టిన ప్రతి బిడ్డకూ నీళ్ళు పోసింది ఆమే. పీటమీద కాళ్ళు చాపుకుని కూర్చుని, పిక్కలమీద బిడ్డను బోర్లా పడుకోబెట్టి, వీపు మర్దన చేసి, ముక్కు తీర్చి, కాలూ చెయ్యీ సాగదీసి, వేణ్ణీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి తల్లి చేతికిచ్చేది. వీధిలో ఆమె వస్తోందంటే ముందు ఆముదం వాసన, దాని వెనక సాంబ్రాణి, ఆ తర్వాత ఆమె. అందరికీ అవ్వే. రేపు తమ బిడ్డలకూ నీళ్ళు పోసేవి అవే గదా అని, పెళ్ళిగాని పిల్లలు కూడా ఆ చేతులను చూసి సిగ్గుపడేవాళ్ళు.

నీళ్ళు పోసే ముందు ఒక తమాషా చేసేది. బిడ్డ చంకల కింద చేతులు పెట్టి పైకెత్తి, రేవులో చేపను అంచనా కట్టినట్టు రెండు ఊపులు ఊపేది. బిడ్డ బొద్దుగా ఉంటే పెద్ద చేపతో పోల్చి, "మడవ గాదే ఇది, పండుగప్ప!" అని కేకపెట్టేది. బక్కగా ఉంటే "మడవ పిల్ల" అనేది. అంగన్‌వాడీలో తూకం వేసే మిషను ఉంది. "ఆ ముల్లు మాట నేనెందుకు ఇనాల? నా చేతులు అబద్దం జెప్తాయా?" అని దాని వైపు చూసేది కాదు. తలుపు చాటున నిలబడ్డ తండ్రిని వదిలేది కాదు. "ఏరా అబ్బయ్యా, వల ఇసిరేసి గట్టెక్కి కూసున్నావు. పట్టింది నేను గదరా!" అనేది. పురుటింట్లో ఆడవాళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను.

ఎంత ఏడిచే బిడ్డయినా ఆమె పిక్కలమీద పడగానే గమ్మునయ్యేది. ఇది ఒప్పుకోవాలి. పగ పెట్టుకున్నదాన్ని గనుక మరీ ఒప్పుకోవాలి. ఉన్నది దాచినా లేనిది కల్పించినా పగ పలచబడుతుంది. నా పగ పలచబడటం నాకిష్టం లేదు.

నీళ్ళు పోయడం అయ్యాక ఆమె ఒక మాట అనేది. "నిలబడతాది." ఆ ఒక్క మాట కోసం ఇంటిల్లిపాదీ కాచుకుని ఉండేవాళ్ళు. ఆమె ఆ మాట అన్నాకే మా ఊళ్ళో బిడ్డకు పేరు పెట్టేవాళ్ళు. అనకపోతే ఉయ్యాల వేసేవాళ్ళు కాదు, పేరు అనుకున్నా బయటికి చెప్పేవాళ్ళు కాదు. నా కొడుక్కి మొదటి రోజే అనేసింది. ఆ రోజు ఆమె కాళ్ళకు దండం పెట్టి, పసుపుపచ్చ చీర పెట్టాను. ఆ దండం నిజమైనదే. దాన్ని వెనక్కి తీసుకోను.

కొడుకు తర్వాత ఏళ్ళ తరబడి కాన్పు లేదు. జొన్నవాడ పోయి కామాక్షమ్మ గుళ్ళో నిద్రచేసి వచ్చాక కూతురు పుట్టింది. అవ్వ వచ్చింది, బిడ్డను ఎత్తి ఊపింది. ఇంకోసారి ఊపింది. ఏమీ అనలేదు. నీళ్ళు పోసి, నా చేతికిచ్చి, "చూస్తాం" అని పోయింది.

మా పాప పాలకోసం నోరు తెరిచేది, గట్టిగా పట్టుకునేది. కొన్ని గుక్కలు తాగేసరికి నుదుట చెమట పోసేది. బయట ఈదురుగాలికి తడిక కొట్టుకుంటున్నా సరే, దాని నుదురు మాత్రం తడిగా ఉండేది. వదిలేసి రొప్పేది. మళ్ళీ పట్టుకునేది. మళ్ళీ వదిలి కళ్ళు మూసేసేది. నేను అవ్వను అడిగాను.

"కడుపు నిండి కునుకు తీస్తా ఉండాదమ్మే. అదే నీకు దిగులా?"

"మరి ఆ చెమటేంది అవ్వా?"

"చేపలు తిని తిని నీ పాలు వేడి. ఆ వేడికి బిడ్డ ఉడికిపోతా ఉండాది."

చేపలు పట్టి బతికే ఇంట్లో బాలింతకు చేప ముక్క నిషేధమైంది. మా అత్త నాకు మిరియాల చారూ అన్నమూ పెట్టేది. పాప చెమట తగ్గలేదు. టీకాకు పోయినప్పుడు నర్సమ్మ పాప డొక్కలు ఎగసిపడటం చూసి, వెంటనే నెల్లూరు తీసుకుపొమ్మంది. నాయుడుపేటలో బస్సు మారి నేనూ మా ఆయనా నెల్లూరు పెద్దాసుపత్రికి పోయాం.

"గుండెలో చిల్లు ఉందమ్మా," అన్నాడు డాక్టరుగారు. "భయపడొద్దు. చెన్నైలో ఆపరేషన్ చేస్తారు, మీ కార్డు మీద ఉచితంగానే అయిపోతుంది. ఒకటే అడ్డం. బిడ్డ మరీ బక్కగా ఉంది. ఇంకొంచెం బరువెక్కితేనే తట్టుకుంటుంది."

కావలసింది డబ్బు కాదు, దేవుడి దయ కూడా కాదు, బరువు. నా బిడ్డ ప్రాణం ఆ ఒక్కదాని మీద నిలిచింది.

పక్క గదిలో పిల్లల తిండి సంగతి చూసే అమ్మాయి ఉంది. మా పాప పాలు తాగుతుంటే పక్కనే కూర్చుని చూసింది. పాప కళ్ళు మూయగానే నన్నడిగింది.

"ఇప్పుడేమైందమ్మా?"

"కడుపు నిండింది."

"కాదమ్మా. అలిసిపోయింది. ఈ బిడ్డకు ఊపిరి తీయడమే ఒక పని. పాలు చప్పరించడం ఇంకో పని. తాగిన పాలన్నీ ఆ పనికే కరిగిపోతుంటే ఒంటికి ఏం మిగులుతుంది? మామూలు బిడ్డకంటే ఈ బిడ్డకు ఎక్కువ బలం కావాలి. అట్లాగని ఒక్కసారే ఎక్కువ పట్టలేదు. కొద్దికొద్దిగా, మాటిమాటికీ పట్టాలి. పాలు పలచన చేయొద్దు. చిక్కన చేయాలి."

నా పాలు పిండుకుని, అందులో వాళ్ళిచ్చిన పొడిని వాళ్ళు చెప్పినంతే కలపడం నేర్పింది. పాప తాగగలిగినంత తాగాక, మిగిలినవి నెమ్మదిగా పంపడానికి ముక్కులోంచి సన్నటి గొట్టం వేశారు. దాన్ని ఎట్లా చూసుకోవాలో నా చేత చేయించి చూసింది. ఆ అమ్మాయి ఇప్పటికీ నా దండాల్లో ఉంది. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

మేము ఇల్లు చేరేసరికి అవ్వ మా వాకిట్లో కూర్చుని ఉంది. నలుగురు ఆడవాళ్ళు, పడవలు కట్టేసి వచ్చిన నలుగురు మగవాళ్ళు. అత్త అడిగితే మా ఆయన చెప్పాడు, "గుండెలో చిల్లంట."

"చిల్లా?" అంది అవ్వ. పాప ముక్కున ఉన్న గొట్టం చూసింది. నన్ను వదిలేసి మా ఆయనను పట్టుకుంది. "అబ్బయ్యా, నీ పడవకు చిల్లు పడినాది. ఏం జేస్తావు?"

"ఒడ్డుకు లాగతా."

"లాగి?"

"సరుకు దించతా."

"దించి?"

"బోర్లించి ఎండబెడతా. పీచు కుక్కి తారు పూస్తా."

"చిల్లు ఉండంగానే దాంట్లో ఇంకా సరుకు నింపతావా?"

మగవాళ్ళు నవ్వారు. అవ్వ అప్పుడు నా వైపు తిరిగింది. "ఇన్నావామ్మే? మరి చిల్లు బిడ్డను నింపమని నీకు జెప్పిందెవురు?"

నెల్లూరులో ఆ అమ్మాయి చెప్పిన మాటలన్నీ చెప్పాను. నాకు గుర్తున్నంతవరకు అక్షరం పోకుండా చెప్పాను.

"నెల్లూరులో పడవలుండాయంటనా?" అంది అవ్వ.

మళ్ళీ నవ్వులు. మా ఊళ్ళో ఆ మాట కాదనగలిగే వాళ్ళెవరు? అందరూ పడవల మీద పుట్టిన వాళ్ళే. పడవకు చిల్లు పడితే తేలిక చేయాలన్నది అక్కడ పాలుతాగే బిడ్డకు తప్ప అందరికీ తెలుసు. డాక్టరుగారు చెప్పింది నిజమే, చిల్లు ఉంది. ఆ ఒక్క మాట పట్టుకుని అవ్వ గుండెను పడవ చేసేసింది. ఇంకో ఊళ్ళో అయితే ఈ తప్పు జరిగేది కాదేమో. వరి పండించే ఊళ్ళో ఇంకేదో తప్పు జరిగేది. ఇది మా తప్పు, నీళ్ళమీద బతికేవాళ్ళు మాత్రమే చేయగల తప్పు. దాన్ని మొదట నోటితో పలికింది ఆమె.

మర్నాడు నేను ట్యాంకరు దగ్గరికి బిందె తీసుకుపోయి వచ్చేసరికి పాప ముక్కున గొట్టం లేదు. వల తగిలించే మేకుకు వేలాడుతోంది.

"గాలం ఏసినారే బిడ్డకు!" అంది అవ్వ, ఆముదం చేతులు ఒడిలో పెట్టుకుని. "మనం చేపలకేస్తాం. ఆళ్ళు బిడ్డలకేస్తారు."

ఆ రోజునుంచి నేను పిండిన పాలల్లో మా అత్త బార్లీ నీళ్ళు కలిపింది. సోంపు నీళ్ళు పట్టింది. నా దగ్గర పాప కొంచెంసేపు తాగగానే "చాల్లే, బరువవతాది" అని లాక్కునేది. నేను అరిచాను. గిన్నె విసిరికొట్టాను. "బాలింత పిచ్చి" అన్నారు. మా ఆయన సరస్సు వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత చాలామంది, "నీ తప్పూ కొంత ఉందేమో" అని నాతో మెల్లగా అన్నారు. లేదు. తల్లి తప్పు కూడా కొంత కలిపితే ఆ పాపం పలచనవుతుందని వాళ్ళ ఆశ. పాలలో నీళ్ళు కలిపినట్టు నేను దాన్ని పలచన చేయనివ్వను.

ఇంకో ఘోరం ఏమిటంటే, పాలు తగ్గించిన కొత్తలో పాప రొప్పు కాస్త తగ్గింది. చప్పరించే పని తగ్గింది గదా. ఊరంతా వచ్చి చూసింది. అవ్వ పాపను ఎత్తి ఊపి, మొదటిసారి నవ్వింది.

"తేలిక పడినాది చూడండి. ఇంక తేలతాది."

పేరు పెడదామని నేను ఆ రోజే అడిగాను. రొప్పు తగ్గింది గదా, ఉయ్యాల వేద్దామన్నాను. అవ్వ చేతులకు ఆముదం రాసుకుంటూనే తల అడ్డంగా ఊపింది.

"నీళ్ళమీద నిలబడతాదో లేదో తెలవని పడవకు ఎవురన్నా పేరు రాస్తారంటమ్మే? నిలబడేవోళ్ళకు గదా పేరు."

పాప తొడలమీద చర్మం వదులైంది. ఏడుపు సన్నగిల్లింది. నేను మా ఆయన కాళ్ళమీద పడితే, ఎవరికీ చెప్పకుండా ఇద్దరం పాపను తీసుకుని నెల్లూరు పోయాం. అక్కడ తూకం ముల్లు ముందుకు పోవలసింది వెనక్కి వచ్చింది. ఆ అమ్మాయి నన్ను తిట్టలేదు. "ఏం పట్టారమ్మా?" అని అడిగింది. చెప్పాను. మళ్ళీ గొట్టం వేశారు, మంచంలో చేర్చుకున్నారు, చిక్కటి పాలు మొదలుపెట్టారు. ఒళ్ళు కాస్త పట్టేలోపలే నెమ్ము పట్టింది. పోరాడటానికి ఆ ఒంట్లో ఏమీ మిగల్లేదు. ఆసుపత్రిలో చివరిదాకా దాన్ని 'కిటికీ మంచం పాప' అన్నారు. అడిగితే చెప్పడానికి దానికి పేరు లేదు.

ఇసకలో పెట్టి వచ్చాక అవ్వ మా వాకిట్లోకి వచ్చింది. చేతులకు ఆముదం ఉంది. వేరే ఇంట్లో బిడ్డకు నీళ్ళు పోయడానికి పోతూ దారిలో ఆగింది.

"నేను ముందే అనుకున్నా గదమ్మే, నిలబడదని."

మా తొట్లో నీళ్ళు తీసుకుని కాళ్ళు కడుక్కుని, చీర చెరగుతో తుడుచుకుని, పోయింది. ఎంత మామూలుగా పోయిందో! కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ నాకు ఆ వీపు కనబడుతుంది.

ఆ తర్వాత నేను జొన్నవాడ పోయాను. కామాక్షమ్మ ముందు నిలబడి, నా జన్మలో అడగనిది అడిగాను. ఆమెను చంపమని అడగలేదు. 'తల్లీ, ఆమెకు నిండు ఆయుస్సు ఇయ్యి. ఆ చేతులను ఎవరూ పిలవని రోజు వస్తుంది. ఆ రోజు ఆమె చూడాలి. చూసి, దాని తర్వాత కూడా చాలా కాలం బతకాలి' అని అడిగాను. కర్పూరం కళ్ళకద్దుకుని వచ్చాను.

దారి ఆ వానాకాలంలో దొరికింది. మా ఆయన పడవ సరస్సు నడుమ రాయికి తగిలి నిజంగానే చిల్లు పడింది. తోడు వచ్చినవాడు గెడ వేసి పడవను తోస్తుంటే, మా ఆయన రేవు చేరేదాకా డబ్బాతో నీళ్ళు తోడుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. నుదుటినుంచి చెమట కారుతోంది. గుండెలు ఎగసిపడుతున్నాయి. లేపి అన్నం పెడితే కుండ ఖాళీ చేశాడు. నేను గరిటె చేత్తో పట్టుకుని ఆ నుదుటివైపే చూస్తూ ఉండిపోయాను. ఆ చెమట నాకు తెలుసు. ఆ కళ్ళు మూయడం నాకు తెలుసు. అవ్వ పడవను చూసింది గానీ, పడవలో మనిషిని చూడలేదు.

చెంచమ్మకు కూతురు పుట్టింది అప్పుడే. ఆ బిడ్డకూ పాలు తాగుతుంటే నుదురు తడిసేదని విని పోయాను. నేను పోయేసరికి అవ్వ పీటమీద ఉంది. చెంచమ్మ నెల్లూరు పోయి వచ్చింది, వాళ్ళూ చిల్లే అన్నారు. అవ్వ వాకిట్లో మగవాళ్ళను కూర్చోబెట్టి పాత పాటే మొదలుపెట్టింది. "చిల్లు పడవను నింపతారా అబ్బయ్యా?"

"గుండె పడవ కాదవ్వా," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. ఆమెతో నేను మాట్లాడటం పాప పోయాక అదే మొదలు.

"పడవ గాకపోతే ఏందమ్మే? బస్సా?"

"నీళ్ళు తోడే మనిషి. చిల్లు పడితే పడవను ఎండబెడతారు, సరే. ఈ పడవను ఒడ్డుకు లాగేదానికి లేదు. నడిసరస్సులోనే ఉండాలి. నీళ్ళు వస్తూనే ఉంటాయి, వాడు తోడుతూనే ఉండాలి. గెడ వేసేవాడికంటే వాడికి ఎక్కువ కూడు పెడతామా, తక్కువ పెడతామా?" మగవాళ్ళ వైపు తిరిగాను. "మీరు చెప్పండి అన్నా. తోడి తోడి గట్టెక్కినోడికి ఏం పెడతారు?"

ఎవరో మెల్లగా అన్నారు, "కడుపునిండా పెట్టాల."

"నీ మొగుడు నీళ్ళు తోడి ఇంటికొస్తే ఏం పోసేదానివి అవ్వా? బార్లీ నీళ్ళా?"

ముందు ఒక ముసలాయన నవ్వాడు. తర్వాత పురుటి గదిలోంచి ఆడవాళ్ళు. ఆ వాకిట్లో ఆమెను చూసి జనం నవ్వడం అదే మొదలు. చెంచమ్మ లేచి వచ్చి, ఆమె పిక్కలమీదనుంచి బిడ్డను తీసుకుని నా ఒళ్ళో పెట్టింది.

ఆ బిడ్డకు నెల్లూరువాళ్ళు చెప్పినట్టే చేశాం. చిక్కటి పాలు, కొద్దికొద్దిగా, మాటిమాటికీ. అంగన్‌వాడీ తూకం దగ్గరికి మొదట పోయేది మేమే. బరువెక్కింది. చెన్నైలో ఆపరేషన్ అయింది. ఇప్పుడు బడికి పోతోంది. మా ఇంటి ముందునుంచే పోతూ, "పెద్దమ్మా" అని చెయ్యి ఊపుతుంది.

అక్కడినుంచి ఒక్కో ఇల్లూ ఆమె చేతిలోంచి తీసుకున్నాను. నీళ్ళు పోయడం నేర్చుకున్నాను. మర్దన నేర్చుకున్నాను, ఆమె చేయగా చూసిందే. మంచి పని గదా అని ఊళ్ళో నన్ను మెచ్చుకుంటారు. మంచిపనే. కానీ ప్రతి పురుటింటి గడపా తొక్కేటప్పుడు నేను తలుచుకున్నది పుణ్యాన్ని కాదు, ఆ గడప ఇంక ఆమె తొక్కదన్న సంగతిని. వేణ్ణీళ్ళ బిందె చంకన పెట్టుకుని, దగ్గర దారి ఉన్నా ఆమె ఇంటి ముందునుంచే పోయేదాన్ని. ఆమె రేవుకెదురుగా అరుగుమీద కూర్చుని చూసేది. రానురాను ఆమె చేతులమీద ఆముదం కనబడటం మానేసింది. చర్మం తెల్లగా పగిలి, చేప పొలుసులా లేచింది. కామాక్షమ్మ నేను అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చింది. ఆ తల్లికి నా కృతజ్ఞత.

మా ఆయన ఆ రోజు వాకిట్లో చెప్పిన జవాబుల గురించి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఫైబర్ పడవ తీసుకున్నప్పుడు మాత్రం, "పేరేం రాయించమంటావు?" అని అడిగాడు. చెప్పాను. దూరానికి కనబడేంత పెద్ద అక్షరాలతో, ఎర్ర రంగుతో తనే రాశాడు. ఆ పడవను ఆమె అరుగుకు ఎదురుగానే కడతాం.

ఆమెకు చదువు రాదు. ఒక సాయంత్రం నేను పడవలోంచి గంప దించుకుంటుంటే పిలిచింది.

"ఏం రాసినారమ్మే దానిమీద?"

గంప కింద పెట్టి, పడవ దగ్గరికి పోయి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి మా పాప పేరు చదివి వినిపించాను.

"ఎవురది?"

"నువ్వు పేరు పెట్టొద్దన్న బిడ్డ."

ఆమె చాలాసేపు పడవకేసి చూసింది. సరస్సు నిండుగా ఉంది. పడవ అలలకు మెల్లగా ఊగుతోంది. ఒడిలో ఉన్న చేతులను తిప్పి చూసుకుంది.

"నన్నిప్పుడు ఎవురూ పిలవరమ్మే," అంది.

"తెలుసు అవ్వా. పిలవనియ్యంది నేనే."

గంప ఎత్తుకుని వచ్చేశాను. ఆమె చివరిగా నాతో మాట్లాడింది అంతే. ఆ తర్వాత కూడా చాలా కాలం బతికింది. రోజూ పొద్దున్నే ఆ పడవ రేవు వదలడమూ, సాయంత్రం తిరిగి రావడమూ ఆమె చూసింది.

చెంచమ్మ మంచినీళ్ళు తాగి చెంబు పక్కన పెట్టింది. మా ఊళ్ళో ఒక వాడుక ఉంది. నీళ్ళు పోసిన మనిషి పోతే, ఆమె చేతిమీద పెరిగిన బిడ్డల తల్లులందరూ పోయి శవం తలకు నూనె అంటాలి. నా కొడుకు ఆమె చేతిమీద పెరిగినవాడే.

"నూనె అంటేదానికి వస్తావా అక్కా? అందురూ నీ కోసం చూస్తా ఉండారు."

"బిడ్డకు నీళ్ళు పోయాలి చెంచమ్మా. వేళ దాటితే చలేస్తుంది."

చెంచమ్మ నన్నొకసారి చూసి, తల ఊపి, తను మాత్రం పోయింది. ఆమెను తప్పుపట్టను. ఎవరి దండం వాళ్ళది.

నేను రేవు వీధిలో కొత్తగా పుట్టిన బిడ్డ ఇంటికి పోయాను. పిక్కలమీద పడుకోబెట్టుకుని ఆముదం రాస్తుంటే డప్పుల మోత వినబడింది. శవం వీధిలో పోతుంటే పసిబిడ్డను బయట ఉంచరు. బిడ్డను గుడ్డలో చుట్టి లోపలికి తీసుకుపోయి, వీధి తలుపు వేశాను. డప్పులు తలుపు ముందుకు వచ్చాయి. నేను తిరిగి చూడలేదు. బిడ్డను తల్లి ఒడిలో పెట్టాను. గట్టిగా పట్టుకుని గుటకలు వేస్తూ తాగింది. వంగి నుదురు తడిమి చూశాను. పొడిగా ఉంది. డప్పులు దూరమయ్యాయి.

ఆమె పేరు ఎందుకు రాయలేదో మీకు ఇప్పటికి తెలిసే ఉంటుంది. నిలబడేవాళ్ళకే పేరన్నది ఆమే. ఆమె మాట ఆమెకే అప్పజెబుతున్నాను. మా వైపు వస్తే, ఊళ్ళో ఎవరిని అడిగినా ఆ పేరు చెప్పేస్తారు. అడగవద్దని నా మనవి. మా రేవులో ఎర్ర అక్షరాల పడవను చూడండి. ఒక్క మనిషిని గుర్తుపెట్టుకోండి. చారెడు ఒళ్ళు, తడిసిన నుదురు. చేతనైనన్ని నాళ్ళు నీళ్ళు తోడి, కూడు చాలక అలిసిపోయిన మా పాప. దాని పేరు కామాక్షి.